బండ పగుళ్లను దూరం నుంచి కొలవడం

తెలంగాణ, రాయలసీమ గ్రానైటు నేలల్లో భూగర్భజలం ఏటి ఒడ్డు ఇసుక మేటల్లో నిలిచినట్టు రేణువుల మధ్య ఖాళీల్లో నిలవదు. చెక్కుచెదరని గ్రానైటులో నీరు పట్టే ఖాళీ దాదాపు ఉండదు కాబట్టి, ఆ నీరు బండ పైభాగం శిథిలమై మొరంగా మారిన పొరలోనూ, ఆ పొర కింద రాతిని చీల్చుకుంటూ సాగే పగుళ్లలోనూ చేరి, ఆ పగుళ్ల వెంటే కదులుతుంది. హైదరాబాదుకు దక్షిణాన సుమారు 35 కి.మీ. దూరంలో ఉన్న మహేశ్వరం పరీవాహక ప్రాంతంలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రాన్సు దేశపు భూగర్భ సర్వే సంస్థ బీఆర్‌జీఎం శాస్త్రవేత్తలు కలిసి ఏళ్ల తరబడి సాగించిన పరిశోధన ఈ అమరికను వివరంగా చూపింది. పైన మొరం, దాని కింద నేలకు దాదాపు సమాంతరంగా పరుచుకున్న పగుళ్లు దట్టంగా ఉండే పొర, ఇంకా కిందికి పోయేకొద్దీ ఆ పగుళ్లు పలచబడి చివరకు గట్టి బండ అన్నది ఆ పరిశోధన తేల్చిన క్రమం. ఒక పొలంలో బోరు పడి, గట్టు అవతలి పొలంలో పడకపోవడానికి తరచుగా కారణమయ్యేది ఈ పగుళ్ల అమరికే.

భూమి లోపలి పగుళ్లను నేరుగా చూసే వీలు లేదు కనుక, రాయి బయటపడిన ప్రతి చోటూ లోపలి అమరికకు నమూనాగా పనికివస్తుంది. క్వారీ గోడ, రోడ్డు కోసం తొలిచిన గుట్ట అంచు, ఎండిన వ్యవసాయ బావి గోడ, వాగు కోసిన రాతి గట్టు ఇందులోకి వస్తాయి. ఇలాంటి రాతి ముఖాలను తాకకుండా, నేల మీద నిలిపిన పరికరాలతో దూరం నుంచి కొలిచే పద్ధతికి భూతల దూరసంవేదన అని పేరు. రిమోట్ సెన్సింగ్ అనగానే హైదరాబాదు వాసులకు బాలానగర్‌లోని జాతీయ కేంద్రం, ఉపగ్రహాలు తీసే చిత్రాలు గుర్తుకు రావడం సహజమే కానీ, ఉపగ్రహం ఆకాశం నుంచి నిట్టనిలువుగా చూస్తుంది కాబట్టి నిలువు గోడ దానికి ఒక గీతగా మాత్రమే కనిపిస్తుంది. పగుళ్ల వివరమంతా ఉండేది ఆ గోడ మీదే.

ఈ పనికి భూగర్భ శాస్త్రవేత్తలు తరతరాలుగా వాడుతున్న సాధనం వాలును కొలిచే క్లైనోమీటరు అమర్చిన దిక్సూచి. పగులు ఒక చదునైన తలం అనుకుంటే, ఆ తలం క్షితిజ సమాంతరం నుంచి ఎంత కోణంలో కిందికి వాలిందో చెప్పే వాలు కోణం, ఏ దిక్కుకు వాలిందో చెప్పే వాలు దిశ అనే రెండు సంఖ్యలతో అది నిలిచిన తీరు పూర్తిగా తెలిసిపోతుంది. రాతి ముఖం పొడవునా టేపు పరిచి, టేపును దాటిన ప్రతి పగులునూ ఇలా కొలిచి నమోదు చేయడాన్ని స్కాన్‌లైన్ పద్ధతి అంటారు. దాని విలువ నేటికీ తగ్గలేదు, కానీ మనిషి చేయి అందేది గోడ అడుగున ఉన్న 2 మీటర్ల వరకే. 15 మీటర్ల ఎత్తున్న క్వారీ గోడలో మిగిలిన 13 మీటర్ల రాయి కొలతకు అందకుండా పోవడమే కాక, కొలిచే మనిషి వదులుగా వేలాడుతున్న బండల కింద గంటల తరబడి నిలబడవలసి వస్తుంది. దూరం నుంచి కొలిచే పద్ధతికి ఉన్న మొదటి సమర్థన ఈ ప్రాణరక్షణ. వేగమూ దత్తాంశ పరిమాణమూ ఆ తర్వాత లెక్కలోకి వస్తాయి.

ప్రశ్నకు తగిన గోడ

అంతర్జాతీయ రాతి యాంత్రికశాస్త్ర సంఘం 1978లో ప్రచురించిన సూచనల ప్రకారం రాతిలోని ఒక పగుళ్ల సముదాయాన్ని వర్ణించడానికి పది అంశాలు కావాలి. పగుళ్ల వాలు, వాటి మధ్య ఎడం, నిడివి, తలం గరుకుదనం, పగులు గోడల బలం, సందు వెడల్పు, సందులో నిండిన పదార్థం, నీటి ఊట, ఒకే వాలులో సాగే పగుళ్ల వర్గాల సంఖ్య, పగుళ్లు కలిసి విడదీసే దిమ్మెల పరిమాణం అనేవి ఆ పది. వీటిలో వాలు, ఎడం, నిడివి, వర్గాల సంఖ్య, దిమ్మెల పరిమాణం అనే అయిదింటిని భూతల దూరసంవేదన చక్కగా కొలవగలదు. మిగిలిన వాటిలో కొన్నింటిని పాక్షికంగా సూచిస్తుంది, కొన్నింటిని అసలు చెప్పదు. ఈ హద్దు తెలియకుండా పరికరాన్ని అద్దెకు తీసుకుని క్షేత్రానికి వెళ్లినవారు కోట్ల కొలది బిందువులతో తిరిగివచ్చి, వాటిలో తమ ప్రశ్నకు జవాబు లేదని బల్ల దగ్గర తెలుసుకోవలసి వస్తుంది.

కనుక పని మొదలయ్యేది ప్రశ్నతోనే. భూగర్భజలం కోసం గ్రానైటును చదివే పరిశీలకులకు నేలకు సమాంతరమైన పగుళ్లు ముఖ్యం. ఘాట్ రోడ్డు పక్కన బండలు జారే ప్రమాదాన్ని అంచనా వేసేవారికి రోడ్డు వైపు వాలిన తలాలు ముఖ్యం. గ్రానైటు క్వారీలో పెద్ద దిమ్మెలు దొరుకుతాయా అని చూసేవారికి పగుళ్ల మధ్య ఎడం ముఖ్యం. ఒకే గోడ ఈ మూడు ప్రశ్నలకూ సమానంగా జవాబు చెప్పదు, ఎందుకంటే ప్రతి రాతి ముఖమూ తనను అడ్డంగా కోసే పగుళ్లను ఎక్కువగా చూపించి, తనకు సమాంతరంగా ఉన్న పగుళ్లను దాచేస్తుంది.

ఈ విషయం హైదరాబాదు పరిసరాల్లోని గ్రానైటు మీద చాలా స్పష్టంగా అర్థమవుతుంది. ఊరి బయట చదునుగా పరుచుకున్న బోడి బండ మీద నిలబడి చూసేవారికి నిట్టనిలువు పగుళ్లు గీతలుగా కనిపిస్తాయి. ఆ బండకు సమాంతరంగా, దాని కింద పొరలు పొరలుగా సాగే అడ్డపగుళ్లు ఒక్కటీ కనిపించవు. అలాంటి బండను ఎంత మేలైన స్కానరుతో కొలిచినా, నీటిని మోసే అడ్డపగుళ్లు ఆ ప్రాంతంలో లేవన్న తప్పుడు తీర్మానమే వస్తుంది. అదే బండను తొలిచిన క్వారీ గోడ ముందు నిలబడితే అడ్డపగుళ్లన్నీ గోడ పొడవునా సాగే గీతలుగా బయటపడతాయి, కానీ అప్పుడు ఆ గోడకు సమాంతరమైన నిలువు పగుళ్లు మరుగున పడతాయి. ఉత్తర దక్షిణాలుగా సాగే గోడలో తూర్పు పడమరలుగా సాగే నిలువు పగుళ్లు కనిపించి, ఉత్తర దక్షిణాల పగుళ్లు దాగిపోతాయి. అందువల్ల ఒకదానికొకటి దాదాపు లంబంగా ఉన్న రెండు గోడలు, వీలైతే పైనున్న చదునైన బండ కూడా కలిసి ఉన్న క్వారీ మూలను ఎంచుకోవడం, ఒకే పొడవైన గోడను ఎంచుకోవడం కంటే ఎన్నో రెట్లు మేలు.

ఈ ఏకపక్షతను గణితం కొంతవరకు సవరిస్తుంది. రూత్ టెర్జాగీ 1965లో వివరించిన సవరణ ప్రకారం, కొలిచే గీతకూ పగులు తలానికీ మధ్య కోణం ఎంత తక్కువైతే ఆ పగులు కనిపించే అవకాశం అంత తక్కువ కాబట్టి, కనిపించిన ప్రతి పగులుకూ ఆ కోణపు సైను విలువతో 1ని భాగించగా వచ్చిన బరువు ఇవ్వాలి. కోణం 30 డిగ్రీలైతే ఆ పగులును రెండుగా లెక్కించాలి, 10 డిగ్రీలైతే దాదాపు ఆరుగా, 5 డిగ్రీలైతే పదకొండుకు పైగా లెక్కించాలి. కోణం సున్నాకు చేరే కొద్దీ బరువు అదుపు తప్పి, పొరపాటున నమోదైన ఒకే ఒక్క పగులు మొత్తం ఫలితాన్ని తలకిందులు చేస్తుంది కనుక, 10 నుంచి 20 డిగ్రీల లోపు కోణాలను గుడ్డి ప్రాంతంగా ప్రకటించి, ఆ పగుళ్ల కోసం వేరే గోడను వెతకడమే నిజాయితీ గల మార్గం. కనిపించని దానికి ఏ సూత్రమూ బరువు ఇవ్వలేదు.

పరికరమూ దాన్ని నిలిపే చోటూ

నేలపై వాడే పరికరాలు ముఖ్యంగా రెండు. మొదటిది లేజర్ స్కానరు. ఇది ఒక లేజర్ కాంతి స్పందనను రాతి మీదికి పంపి, అది తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని కొలిచి దూరాన్ని లెక్కిస్తుంది. సెకనులో వంద కోట్ల వంతైన ఒక నానోసెకనులో కాంతి వెళ్లి రాగలిగే దూరం 15 సెం.మీ. మాత్రమే కాబట్టి, దూరాన్ని 5 మి.మీ. వరకు కచ్చితంగా చెప్పాలంటే కాలాన్ని సుమారు 33 పికోసెకన్ల వరకు, అంటే ఆ నానోసెకనులో ముప్పయ్యో వంతు వరకు కొలవాలి. అద్దాన్ని తిప్పుతూ సెకనుకు వేలు, లక్షల సార్లు ఇలా కొలవడం వల్ల రాతి ముఖమంతా మూడు కొలతలున్న బిందువుల సమూహంగా మారుతుంది. దీన్ని పాయింట్ క్లౌడ్ అంటారు.

రెండోది మామూలు డిజిటల్ కెమెరా. ఒకే గోడను వేర్వేరు చోట్ల నుంచి ఫొటోలు తీసి, వాటిలో ఉమ్మడిగా కనిపించే వేల గుర్తులను కంప్యూటరు తానే జత కలిపి, కెమెరా నిలిచిన చోట్లనూ గోడ ఆకారాన్నీ ఒకేసారి లెక్కగట్టే పద్ధతికి స్ట్రక్చర్ ఫ్రమ్ మోషన్ అని పేరు. స్కానరు ధర విశ్వవిద్యాలయ విభాగాలకు కూడా భారమే కనుక, విద్యార్థులకూ చిన్న సంస్థలకూ కెమెరా పద్ధతే సరైనది. పగుళ్ల అధ్యయనంలో అత్యధిక భాగానికి అది చాలుతుంది. కొన్ని విషయాల్లో ఫొటోలోని రంగు, గీతల స్పష్టత స్కానరు ఇచ్చే దాని కంటే ఎక్కువ ఉపయోగపడతాయి. 2020 నుంచి కొన్ని ఫోన్లలో వస్తున్న లేజర్ సెన్సారు అందేది సుమారు 5 మీటర్ల దూరమే కాబట్టి, దాన్ని బావి గోడలకూ చిన్న బండలకూ పరిమితం చేయాలి.

ఏ పరికరమైనా తనకు ఎదురుగా ఉన్నదాన్నే చూస్తుంది. 15 మీటర్ల గోడకు 30 మీటర్ల దూరంలో, నేల మీద నిలిపిన స్కానరు గోడ పైభాగాన్ని సుమారు 24 డిగ్రీల కోణంలో కింది నుంచి చూస్తుంది కనుక, కంటి ఎత్తుకు పైన ఉన్న ప్రతి రాతి అరుగు అడుగు భాగమే దానికి కనిపించి, పైతలం మరుగున పడుతుంది. భూగర్భజలం కోసం వెతుకుతున్నవారికి కావలసిన అడ్డపగుళ్ల తలాలు సరిగ్గా ఆ అరుగుల పైనే ఉంటాయి. అందుకే కుడి, ఎడమ, నడుమ అనే మూడు చోట్లతో పాటు, ఎదుటి గట్టు మీదనో క్వారీ పై మెట్టు మీదనో ఎత్తైన నాలుగో చోటును వెతకడం తప్పనిసరి. డ్రోను ఈ లోటును తీరుస్తుంది కానీ, 2021 డ్రోను నిబంధనల కింద విమానాశ్రయాల చుట్టూ ఆంక్షలు ఉన్నందున శంషాబాదు పరిసరాల్లో పనిచేసేవారు గగనతల పటాన్ని ముందుగా చూసుకోవాలి.

కొలత ఎంత సూక్ష్మంగా ఉంటుందన్నది కూడా ఇంటి దగ్గరే లెక్క వేసుకోదగినది. కెమెరా సెన్సారులోని ఒక్కో గడి వెడల్పు 4 మైక్రాన్లు, లెన్సు నాభ్యంతరం 24 మి.మీ. అయితే, 20 మీటర్ల దూరంలో ఒక్కో గడి రాతి మీద సుమారు 3.3 మి.మీ. వెడల్పును చూస్తుంది. అంతకంటే సన్నని పగులు నల్లని గీతగా కనిపించవచ్చు గానీ దాని వెడల్పు కొలతకు అందదు. స్కానరు విషయంలో కిరణం దూరం పెరిగేకొద్దీ వెడల్పవుతుంది; 0.3 మిల్లీరేడియన్ల మేర విచ్చుకునే కిరణం 100 మీటర్ల దగ్గర 3 సెం.మీ. అదనపు వెడల్పును సంతరించుకుంటుంది కాబట్టి, బిందువులను 1 సెం.మీ. ఎడంలో తీసినా రాతి వివరం 1 సెం.మీ. వరకు తెలిసినట్టు కాదు, పక్కపక్క బిందువులు ఒకే మచ్చను పంచుకున్నట్టు మాత్రమే. రాతి అంచు మీద పడిన మచ్చ సగం ముందున్న బండ నుంచి, సగం వెనకనున్న బండ నుంచి వెనుదిరిగి, రెండింటి నడుమ గాలిలో తేలే అబద్ధపు బిందువులను పుట్టిస్తుంది. వీటిని పని మొదట్లోనే ఏరివేయాలి.

ఫొటోలు తీసేవారు పక్కపక్క చిత్రాల్లో 70 నుంచి 80 శాతం భాగం ఉమ్మడిగా ఉండేలా చూసుకోవడంతో పాటు, గోడకు సమాంతరంగా నడుస్తూ తీసిన వరుసకు తోడు, ఒకే చోటును వేర్వేరు కోణాల నుంచి ఏటవాలుగా చూసే చిత్రాలను కూడా తీయాలి. సమాంతర వరుస మాత్రమే ఉంటే లెన్సు లోపం నమూనాలోకి చొరబడి, చదునైన గోడ మధ్యలో ఉబ్బినట్టు వస్తుంది. నేరుగా పడే ఎండ నల్లని నీడలతో పగుళ్లను కప్పేస్తుంది కనుక మబ్బు పట్టిన వేళగానీ, గోడ మొత్తం నీడలో ఉన్న వేళగానీ ఫొటోలకు అనువు. స్కానరుకు వెలుతురుతో పని లేదు, కానీ తడి రాయి 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంతో పనిచేసే లేజరును ఎక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి వాన వెలిసిన వెంటనే కొలవకూడదు. కొన్ని స్కానర్ల పని పరిధి 40 డిగ్రీల సెల్సియస్‌తో ముగుస్తుంది, అంటే మే నెల మధ్యాహ్నం తెలంగాణ క్వారీలో వాటిని వాడే మాటే లేదు. క్వారీ చట్టరీత్యా గని కిందికి వస్తుంది; లీజుదారు అనుమతి, పేలుళ్ల వేళల సమాచారం, తలకు హెల్మెట్ లేకుండా లోపలికి అడుగు పెట్టకూడదు.

ఉత్తరం ఎటు

పాయింట్ క్లౌడ్ ఆకారాన్ని చూపిస్తుంది గానీ దిక్కులను చూపించదు. కెమెరాతో చేసిన నమూనాకైతే కొలమానం కూడా తెలియదు. 3 మీటర్ల గోడా 30 మీటర్ల గోడా దానికి ఒకటే. కొలమానం కోసం పొడవు తెలిసిన రెండు మూడు కడ్డీలను గోడ దగ్గర, వేర్వేరు దిశల్లో, ఫొటోల్లో పడేలా పెట్టడం తేలిక. దిక్కు విషయమే మెలిక. చేతిలో పట్టుకునే జీపీఎస్‌తో 50 మీటర్ల ఎడంలో రెండు గుర్తులను నమోదు చేస్తే, వాటిలో ఒక్కదాని స్థానంలో పక్కకు 3 మీటర్ల తప్పు ఉన్నా, నమూనా మొత్తం సుమారు మూడున్నర డిగ్రీలు తిరిగిపోతుంది. ఆ తప్పు ఒక పగులుకు కాదు, ప్రతి పగులుకూ ఒకే వైపు అంటుకుంటుంది కనుక ఎన్ని వేల పగుళ్లను సగటు చేసినా తొలగిపోదు. ఉపగ్రహ సంకేతాలతో సెంటీమీటరు స్థాయి కచ్చితత్వంతో స్థానాన్ని చెప్పే జీఎన్‌ఎస్‌ఎస్ పరికరం దొరికితే అదే 50 మీటర్ల ఎడంలో తప్పు డిగ్రీలో వందో వంతుల స్థాయికి తగ్గుతుంది.

అలాంటి పరికరం లేనివారికి ఒక పాత ఉపాయం ఉంది. గోడ అడుగున చేతికి అందే చోట, బాగా చదునైన నాలుగైదు పగులు తలాలను ఎంచుకుని, వాటి వాలునూ దిశనూ దిక్సూచితో జాగ్రత్తగా కొలిచి, సుద్దతో గుర్తు పెట్టి, నమూనాలో అవే తలాలు అవే విలువలు చూపేలా దాన్ని తిప్పాలి. వాటిలో ఒకటి రెండింటిని సవరణకు వాడకుండా పక్కన ఉంచితే, చివరకు నమూనా ఎంత నమ్మదగినదో అవే చెబుతాయి. ఇనుము ఉన్న వాహనం, డ్రిల్లింగు యంత్రం, బండను చీల్చుకుని గోడల్లా చొచ్చుకువచ్చిన, అయస్కాంత ఖనిజాలున్న నల్లరాతి డైకులు దిక్సూచి ముల్లును పక్కకు లాగుతాయి కాబట్టి వాటికి దూరంగా కొలవాలి. దిక్సూచి ఇంటి దగ్గర వదిలి వెళ్లదగిన పాత వస్తువు కాదు. దూరం నుంచి చేసిన కొలతకంతటికీ సాక్ష్యం అదే.

తలాలు, గీతలు

కంప్యూటరు దగ్గర పగుళ్లను గుర్తించే పనిలో రెండు వేర్వేరు దారులు ఉన్నాయి. బండ ఒక పగులు వెంట విడిపోయి పడిపోయిన చోట ఆ పగులు తలమే గోడ మీద చదునైన ముఖంగా మిగులుతుంది. అలాంటి చోట ప్రతి బిందువు చుట్టూ ఉన్న కొన్ని బిందువులకు సరిపోయే తలాన్ని గణించి, ఆ తలానికి లంబం ఎటు చూస్తుందో తెలుసుకుని, ఒకే వైపు చూసే లంబాలున్న పక్కపక్క బిందువులను ఒక పలకగా కలిపితే పగులు దొరుకుతుంది. ఉచితంగా దొరికే క్లౌడ్‌కంపేర్ సాఫ్ట్‌వేరులోని ఫాసెట్స్ అనే అనుబంధం, రికెల్మే బృందం 2014లో వివరించిన పద్ధతిపై నడిచే డిస్కంటిన్యుయిటీ సెట్ ఎక్స్‌ట్రాక్టర్ ఈ పనిని చాలావరకు తామే చేస్తాయి.

కానీ గోడను అడ్డంగా కోసుకుంటూ లోపలికి వెళ్లిన పగులు పలకగా కనిపించదు, గీతగానే కనిపిస్తుంది. గోడ చదునుగా ఉంటే ఆ గీతకు పలక అసలే ఉండదు. క్వారీ గోడలోని అడ్డపగుళ్లు చాలావరకు ఈ రకానివి కాబట్టి, పలకలను వెతికే సాఫ్ట్‌వేరును మాత్రమే నమ్మినవారు మళ్లీ అవే నీటిపగుళ్లను పోగొట్టుకుంటారు. బోడి బండ మీద నిలబడి చేసిన తప్పు ఇక్కడ కంప్యూటరు ముందు కూర్చుని చేసినట్టవుతుంది. ఈ గీతలను ఫొటో పరిచిన త్రిమితీయ నమూనా మీద కంటితో చూస్తూ, మౌసుతో గీయాలి. గోడ కాస్త ఎగుడుదిగుడుగా ఉండి గీత ముందుకూ వెనక్కూ వంకర తిరిగితే, ఆ వంకర ఆధారంగా తలం వాలును కూడా లెక్కించవచ్చు. గీత వంకర లేకుండా తిన్నగా సాగితే దాని గుండా ఎన్ని తలాలైనా పోగలవు కనుక, సాఫ్ట్‌వేరు చూపే వాలును నమోదు చేయకుండా గీతను గీతగానే వదిలేయాలి.

పగుళ్ల నిడివిని లెక్కించడంలో ఇంకో చిక్కు ఉంది. పొడవైన పగుళ్లు కొలత గీతకు తగిలే అవకాశం ఎక్కువ. చిన్నవి చూపుకు అందక జారిపోతాయి. చాలా పగుళ్ల కొసలు గోడ అంచు దాటి మట్టిలోకి, నీటిలోకి వెళ్లి మాయమవుతాయి. నమూనా ఒక వైపుకు మొగ్గే ఈ దోషాలను గణాంకశాస్త్రంలో అభినతి అంటారు. వీటిని చాలావరకు తప్పించే వృత్త పద్ధతిని మాల్డన్ బృందం 2001లో ప్రతిపాదించింది. గోడ చిత్రం మీద ఒక వృత్తం గీసి, దాని పరిధిని పగుళ్ల గీతలు ఎన్ని సార్లు దాటాయో, వృత్తం లోపల ఎన్ని గీతల కొసలు ఉన్నాయో లెక్కపెట్టడం తప్ప ఇందులో ఏ పగులు పొడవునూ కొలవనక్కరలేదు. ఉదాహరణకు 2 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తాన్ని గీతలు 48 చోట్ల దాటి, లోపల 32 కొసలు ఉంటే, 48ని వ్యాసార్ధానికి నాలుగు రెట్లైన 8తో భాగించగా ప్రతి చదరపు మీటరుకు 6 మీటర్ల పగులు గీత ఉన్నట్టు తేలుతుంది. వ్యాసార్ధాన్ని పైతో, 48తో గుణించి, కొసల సంఖ్యకు రెట్టింపైన 64తో భాగిస్తే గీత సగటు నిడివి సుమారు 4.7 మీటర్లని వస్తుంది. వృత్తంలో కనీసం ముప్పై కొసలైనా లేకుంటే ఫలితం నిలకడగా ఉండదు కాబట్టి, పగుళ్లు పలచగా ఉన్న గోడ మీద వృత్తాన్ని పెద్దది చేయాలి, ఒకే వృత్తంతో ఆగకుండా గోడ పొడవునా పలు వృత్తాలు వేయాలి. ఇంత తక్కువ శ్రమతో ఇంత నమ్మదగిన సంఖ్యను ఇచ్చే పద్ధతి ఈ రంగంలో అరుదు, అయినా దాని వాడకం ఉండవలసినంతగా లేదు.

చేతి పని మిగిలే చోట్లు

క్వారీ గోడ మీద కనిపించే ప్రతి పగులూ ప్రకృతి చేసినది కాదు. పేలుడు మందు పెట్టడానికి తొలిచిన రంధ్రపు సగం గాడి గోడ మీద నిలువుగా మిగిలి ఉంటే, దాని చుట్టూ నక్షత్రపు కిరణాల్లా విచ్చుకున్న పగుళ్లు పేలుడు పుట్టించినవి. వాటి తలాలు తాజాగా, మెరుస్తూ, మరక లేకుండా ఉంటాయి. నీరు ఏళ్ల తరబడి పారిన సహజమైన పగులు తలం మీద ఇనుప తుప్పు రంగు పూత, మట్టి, శిథిలమైన ఖనిజాల పొడి కనిపిస్తాయి. ఈ తేడా రంగు ఫొటోలో కొంత తెలుస్తుంది, లేజర్ బిందువుల్లో తెలియదు, దగ్గరికి వెళ్లి గోటితో గీరి చూస్తే పూర్తిగా తెలుస్తుంది. భూగర్భజలం గురించి పనిచేసేవారికి తుప్పు మరక ఉన్న పగుళ్లను వేరే వర్గంగా గుర్తించడం, వాలును అర డిగ్రీ కచ్చితత్వంతో కొలవడం కంటే ముఖ్యం.

సందు వెడల్పు విషయంలో మరింత సంయమనం కావాలి. గోడ మీద 5 మి.మీ. తెరుచుకున్న పగులు, పైనున్న రాతి బరువు తొలగిపోవడం వల్లా, ఎండకూ వానకూ లోనవడం వల్లా అలా తెరుచుకుని ఉండవచ్చు. అదే పగులు 30 మీటర్ల లోతున ఎంత సందుతో ఉందో గోడ చెప్పదు. గరుకుదనం విషయమూ ఇంతే. బార్టన్, చౌబే 1977లో ఇచ్చిన ప్రామాణిక గరుకు రేఖల పొడవు 10 సెం.మీ. మాత్రమే; స్కానరు కొలతలో ఉండే కొన్ని మిల్లీమీటర్ల ఊగిసలాట ఆ స్థాయి గరుకుదనాన్ని మింగేసి, దాని స్థానంలో తన సొంత గరుకుదనాన్ని చూపిస్తుంది. మీటర్ల స్థాయిలో తలం ఎలా అలలు తిరిగిందో చెప్పడానికే స్కానరును వాడాలి.

మళ్లీ మళ్లీ కొలిచినప్పుడు

ఒకే గోడను కొంత కాలం తర్వాత మళ్లీ కొలిచి పోల్చినప్పుడు ఈ పద్ధతి విలువ పూర్తిగా తెలుస్తుంది. అమెరికాలోని యోసెమిటీ జాతీయ వనంలో గ్రానైటు కొండ ముఖాలకు సమాంతరంగా పలకలు పలకలుగా విడిపోయే పగుళ్లు ఉన్నాయి. 2008 అక్టోబరులో గ్లేసియర్ పాయింట్ నుంచి రాలిన బండలు కింద ఉన్న కర్రీ విలేజ్ విడిదిని తాకాయి. గ్రెగ్ స్టాక్, బ్రయాన్ కాలిన్స్ వంటి శాస్త్రవేత్తలు యోసెమిటీ లోయలో బండ పడక ముందటి, పడిన తర్వాతి లేజర్ నమూనాలను ఒకదానిలోంచి ఒకటి తీసివేసి, ఎక్కడ ఎంత రాయి, ఎంత మందంతో ఊడిందో లెక్కగట్టారు. వారిద్దరూ 2016లో ప్రచురించిన అధ్యయనం, పగులు సందులో బిగించిన కొలమాపకాల సాయంతో, అక్కడి ఒక రాతి పలక పగటి ఎండకు బయటికి వంగి, రాత్రి చలికి వెనక్కు వస్తూ, కొన్ని రోజుల్లో దాదాపు 1 సెం.మీ. వరకు కదులుతున్నట్టు, ఆ కదలిక ఏళ్ల తరబడి పోగై పగులును పెంచుతున్నట్టు చూపింది. వానా భూకంపమూ లేని వేడి రోజుల్లో బండలు ఎందుకు రాలతాయన్న ప్రశ్నకు ఇది ఒక జవాబు. ఆ తర్వాత ఎల్ కాపిటన్ కొండ మీద ఉష్ణ చిత్రాలు తీసినవారు, రాత్రివేళ వెనక గాలి సందు ఉన్న పలక త్వరగా చల్లబడుతుందని, కొండకు ఇంకా అతుక్కుని ఉన్న చోటు వెచ్చగా మిగులుతుందని గుర్తించి, పలక ఎక్కడెక్కడ పట్టుకుని ఉందో దూరం నుంచే తెలుసుకోగలిగారు.

దీన్నుంచి ఆచరణకు రెండు విషయాలు దక్కుతాయి. రెండు కొలతలను పోల్చేవారు రెండింటినీ ఒకే రుతువులో, రోజులో ఒకే వేళకు తీయాలి. లేకుంటే ఎండ వంచిన పలకను జారుతున్న పలకగా పొరబడతారు. అలాగే పోలికలో ఎంత తేడాను నిజమని నమ్మవచ్చో ముందే తేల్చుకోవాలి. ఒక్కో స్కానులో 5 మి.మీ. అనిశ్చితి, రెండింటినీ ఒకదానిపై ఒకటి కూర్చడంలో మరో 5 మి.మీ. ఉంటే, స్థూలంగా 17 మి.మీ. కంటే తక్కువ తేడా మార్పు కిందికి రాదు. తిరుమల కొండల్లో గ్రానైటుపై పరుచుకున్న క్వార్ట్‌జైటు పొరలు, పొరల మధ్య తలాల వెంటా వాటిని కోసే నిలువు పగుళ్ల వెంటా దిమ్మెలుగా విడిపోతాయి. 2021 చివరి వర్షాల్లో అక్కడి రెండో ఘాట్ రోడ్డుపై బండలు విరిగిపడిన సంగతి తెలిసినదే. అటువంటి గోడలకు ఏటా వానాకాలానికి ముందొకటి, తర్వాతొకటి ఇలాంటి కొలత ఉండాలన్నది అతిశయమైన కోరిక కాదు.

భూగర్భజలం వైపు తిరిగి చూస్తే, గోడ నుంచి పొందిన సంఖ్యలు బోరు నుంచి పొందిన సంఖ్యలతో జతపడినప్పుడే పూర్తవుతాయి. నిట్టనిలువుగా దిగే బోరు అడ్డపగుళ్లను ఒక్కొక్కటిగా కోసుకుంటూ పోతుంది గానీ నిలువు పగుళ్ల పక్క నుంచి తగలకుండానే జారిపోతుంది. రెండు నిలువు గోడలున్న క్వారీ మూల ఆ లోటును పూరిస్తుంది, నిడివి గురించి బోరు ఏమాత్రం చెప్పలేని విషయాన్ని కూడా చెబుతుంది. ఈ రెండింటినీ కలిపి ఒక ఘనపు మీటరు రాతిలో ఎన్ని చదరపు మీటర్ల పగులు తలం ఉందో అంచనా కట్టడం, దాని ఆధారంగా పగుళ్ల జాలాన్ని కంప్యూటరులో నిర్మించడం తర్వాతి మెట్టు. ఆ మెట్టు ఎక్కే ముందు నివేదికలో పరికరం నిలిపిన చోట్లు, గోడల దిశలు, బిందువుల ఎడం, నమూనాను ఉత్తరానికి తిప్పిన విధానం, పక్కన ఉంచిన తలాలపై తేలిన తప్పు, గుడ్డి ప్రాంతంగా వదిలిన కోణాలు, గోడ నుంచి ఎంత దూరం వరకు, ఎంత లోతు వరకు ఈ అంచనాను వర్తింపజేయవచ్చన్న హద్దు స్పష్టంగా రాసి ఉండాలి. పాయింట్ క్లౌడ్‌ను కూడా సవరించని మూలరూపంలో భద్రపరచాలి, ఎందుకంటే క్వారీ నడుస్తున్నంత కాలం కొలిచిన ఆ గోడ మరుసటి పేలుడుతో ఉండదు, తర్వాత వచ్చే అధ్యేతకు దాని స్థానంలో మిగిలేది ఆ దత్తాంశం ఒక్కటే.